ఏసీలో గ్యాస్ ‘అయిపోదు’: నూజివీడు ఇళ్లలో రిపేరు ఖర్చులు, కరెంటు లోడు, బిల్లుల లెక్క

మూడు ఎండాకాలాలు, మూడుసార్లు గ్యాస్. మొదటి ఏడాది రూ.2,800. రెండో ఏడాది రూ.3,000. మూడో ఏడాది రూ.3,200. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఏసీకి, అదీ నానీ పడుకునే గదిలోని ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీకి మేం కట్టింది మొత్తం రూ.9,000. వచ్చిన ప్రతి మెకానిక్‌దీ ఒకటే మాట: “గ్యాస్ అయిపోయిందమ్మా, నింపాలి.” అమ్మీ బీరువాలోంచి డబ్బు తీసి ఇచ్చేది. రెండు నెలలు చల్లగా ఉండేది, మళ్లీ మామూలే.

నాలుగో ఏడాది వచ్చినతను గ్యాస్ సిలిండర్ బయటికి తీయలేదు. ముందు ఒక గిన్నెలో సబ్బు నురగ అడిగాడు. అవుట్‌డోర్ యూనిట్ దగ్గర రాగి పైపును బిగించే ఇత్తడి నట్టు మీద ఆ నురగ రాశాడు. బుడగలు లేచాయి. నట్టు లోపల పైపు అంచు సన్నగా చిట్లి ఉంది. ఆ ముక్క కోసేసి, అంచు మళ్లీ విప్పార్చి, కొత్త నట్టు వేసి రూ.600 తీసుకున్నాడు. గ్యాస్ డబ్బులు వేరే. అప్పటినుంచి రెండు వేసవులు గడిచాయి, గ్యాస్ మాట మళ్లీ రాలేదు. అంటే ముందు పోసిన రూ.9,000 రూ.600 పని చేయించనందుకు కట్టిన జరిమానా.

ఈ కథ మా ఒక్క ఇంటిది కాదు. గల్ఫ్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి “మళ్లీ గ్యాస్ అయిపోయిందట, డబ్బు పంపు బేటా” అని చెప్పే ఇళ్లు మన వీధుల్లో చాలానే ఉన్నాయి. అందుకే ఏసీ రిపేరులో దేనికెంత అవుతుంది, ఏం అడగాలి, కరెంటు ఆఫీసుతో మనకున్న పని ఏంటి అన్నది ఒకచోట రాస్తున్నా.

గ్యాస్ ఎక్కడికి పోతుంది?

ఎక్కడికీ పోదు, పోకూడదు. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. ఇంట్లో వేడిని లాక్కుని బయట యూనిట్ దగ్గర వదులుతుంది, మళ్లీ లోపలికొస్తుంది. కంపెనీలో నింపిన గ్యాస్ ఆ ఏసీ జీవితకాలం సరిపోవాలి. తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. ఎక్కువసార్లు అది పైపుల జాయింట్ల దగ్గర దొరుకుతుంది. కొన్నిసార్లు ఇండోర్ కూలింగ్ కాయిల్ తుప్పు పట్టి చిల్లు పడుతుంది. ఇల్లు మారేటప్పుడు హడావుడిగా బిగించిన నట్లు ఇంకో పెద్ద కారణం.

కాబట్టి “గ్యాస్ అయిపోయింది” అని వినగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. “లీకు ఎక్కడుంది, చూపించు భాయ్” అని అడగాలి. సబ్బు నురగతో చూపించవచ్చు. బయటికి కనిపించని లీకైతే నైట్రోజన్ ప్రెషర్ పెట్టి, మీటరు ముల్లు పడిపోతుందో లేదో కాసేపు ఆగి చూడాలి. లీకు మూశాక వాక్యూమ్ పంపు పెట్టి పైపుల్లోని గాలి, తేమ లాగేయాలి. ఇది ఇరవై నిమిషాలు, అరగంట పట్టే పని. దీన్ని ఎగ్గొట్టి, కాస్త గ్యాస్ వదిలి “గాలి బయటికి తోలేశా” అనేవాళ్లున్నారు. లోపల మిగిలిన తేమ నెమ్మదిగా కంప్రెసర్‌ని తింటుంది.

ఆ తర్వాత కాటా. మన ఊళ్లో మామిడికాయ కాటా వేయకుండా ఎవరైనా కొంటారా? గ్యాస్ కూడా అంతే, తూకం వేసి నింపాల్సిన సరుకు. అవుట్‌డోర్ యూనిట్ పక్కన అతికించిన ప్లేటు మీద ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది రాసి ఉంటుంది. సిలిండర్‌ని చిన్న డిజిటల్ కాటా మీద పెట్టి, ముందు బరువు, తర్వాత బరువు చూస్తే ఎంత పోశారో తెలిసిపోతుంది. చేత్తో పైపు తడిమి “చల్లబడింది, చాలు” అనడం కొలత కాదు. ఎక్కువ పోసినా నష్టమే: కూలింగ్ తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

ఇంకో సంగతి. కూలింగ్ తగ్గిన ప్రతిసారీ అది గ్యాసే కానక్కర్లేదు. ఫిల్టర్‌లో దుమ్ము నిండితే కూడా కాయిల్ మీద ఐసు కడుతుంది, గాలి రావడం తగ్గుతుంది. రిమోట్‌లో మోడ్ మారి ‘ఫ్యాన్’లో ఉండిపోయిన ఏసీకి విజిటింగ్ చార్జీ కట్టిన ఇల్లు కూడా నాకు తెలుసు. ఫోన్ చేయకముందే ఫిల్టర్లు తీసి కుళాయి కింద కడగండి, మోడ్ మీద మంచు పువ్వు గుర్తు ఉందో లేదో చూడండి, బయట ఫ్యాన్ తిరుగుతోందా చూడండి. ఈ మూడూ పైసా ఖర్చు లేని పనులు.

దేనికి ఎంత?

కింద చెప్పేవి మన చుట్టుపక్కల టౌన్లలో మామూలుగా నడిచే ధరలు. కంపెనీని బట్టి, సీజన్‌ని బట్టి అటూ ఇటూ అవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో పైకే పోతాయి.

ఇంటికొచ్చి చూసినందుకు లోకల్ మెకానిక్ రూ.200 నుంచి రూ.300 తీసుకుంటాడు. రిపేరు అతనికే ఇస్తే చాలామంది అది వదిలేస్తారు. కంపెనీ సర్వీసు వాళ్లయితే రూ.400 నుంచి రూ.600, పైన జీఎస్టీ. రిపేరు వద్దన్నా ఇది కట్టాల్సిందే, కాబట్టి ఫోన్‌లోనే అడగండి. నీళ్లు కొట్టి కడిగే వాటర్ సర్వీసు స్ప్లిట్ ఏసీకి రూ.500 నుంచి రూ.800. లీకు మూసి, వాక్యూమ్ చేసి, పూర్తిగా గ్యాస్ నింపడానికి రూ.2,500 నుంచి రూ.4,000. “టాప్ అప్” అని వెయ్యి, పదిహేను వందలకు చేసేది లీకు వెతకని పని. పెళ్లిరోజు సాయంత్రమో, ఇంట్లో జ్వరంతో పిల్లాడున్నప్పుడో తప్పదనుకుంటే చేయించుకోండి, కానీ అది రిపేరు కాదని తెలిసి చేయించుకోండి.

పాత రకం, అంటే ఇన్వర్టర్ కాని ఏసీలో బయట యూనిట్ ‘గుం’ అని మూలిగి ఆగిపోతుంటే చాలాసార్లు కెపాసిటర్ పోయి ఉంటుంది. వస్తువు, కూలీ కలిపి రూ.400 నుంచి రూ.800లో అయిపోతుంది. దీన్ని చూడకుండానే “కంప్రెసర్ పోయింది” అన్న మాట వింటే రెండో మనిషికి చూపించండి. కంప్రెసరంటే రూ.8,000 నుంచి రూ.15,000 మాట. రెండింటికీ మధ్య ఇరవై రెట్ల తేడా. (కెపాసిటర్‌ని మాత్రం మీరు ముట్టుకోవద్దు. కరెంటు తీసేశాక కూడా అందులో షాక్ ఉంటుంది.)

ఫ్యాన్ మోటారు రూ.1,800 నుంచి రూ.3,500. ఇన్వర్టర్ ఏసీల్లో ఖర్చు ఎక్కువగా పీసీబీ దగ్గర, అంటే లోపలి కంట్రోల్ బోర్డు దగ్గర వస్తుంది. కొత్తది వేస్తే రూ.5,000 నుంచి రూ.12,000 దాకా పోతుంది. బోర్డు మొత్తం మార్చకుండా అందులో కాలిన భాగం మాత్రమే బాగుచేసే వాళ్లు విజయవాడలో దొరుకుతారు, రూ.1,500 నుంచి రూ.3,500 అవుతుంది. గ్యారంటీ తక్కువ, డబ్బు ఆదా ఎక్కువ. ఏసీ పాతదైతే ఇదే నయం. ఇల్లు మారేటప్పుడు విప్పి మళ్లీ బిగించడానికి రూ.1,500 నుంచి రూ.2,500. రాగి పైపు అదనంగా కావాలంటే మీటరుకు రూ.700 నుంచి రూ.1,000 వేస్తారు. ఈ పైపు దగ్గరే కొలతల మోసం జరుగుతుంది, కాబట్టి టేపుతో మీ ముందే కొలిపించండి. పాత పార్టు ఏది మార్చినా అది మీ చేతికిమ్మని అడగండి. అడిగినంత మాత్రాన చాలా “పోయిన” పార్టులు బతుకుతాయి.

మామిడిచెట్టు కింద యూనిట్

నూజివీడు ఇళ్లలో ఒక ప్రత్యేకమైన సమస్య ఉంది. ఏ కంపెనీ పుస్తకంలోనూ ఇది రాయరు. పెరట్లో మామిడిచెట్టు ఉంటే నీడకని అవుట్‌డోర్ యూనిట్‌ని దాని కిందే పెడతాం. పూత మీద తేనెమంచు పురుగు వచ్చినప్పుడు ఆకుల మీదనుంచి జిగురు నీరు కారుతుందని తోట ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆ జిగురు మీదే నల్లటి మసి పట్టేది. అదే జిగురు యూనిట్ వెనక ఉన్న సన్నటి అల్యూమినియం రెక్కల మీద కూడా పడుతుంది. రోడ్డు దుమ్ము, రాలిన పూత దాని మీద అతుక్కుని రెక్కల మధ్య సందు మూసుకుపోతుంది. వేడి బయటికి పోదు. పూత కాలంలో పట్టిన ఈ మురికి మార్చిలో ఏసీ వేసేదాకా ఎవరికీ కనిపించదు. అప్పుడు “కూలింగ్ లేదు, గ్యాసేమో” అని మొదలవుతుంది. నీడ మంచిదే. కానీ కొమ్మల కింద కాకుండా గోడ నీడన పెట్టండి. చెట్టు కిందే ఉంటే పూత అయిపోయాక ఒకసారి కడిగించండి.

కడిగించడమంటే తోటకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్ తెచ్చి కొట్టడం కాదు. ఆ ప్రెషర్‌కు రెక్కలు వంగిపోతాయి. పైగా ట్యాంకులో మిగిలిన పురుగుమందు పడుకునే గది గాలిలోకి వస్తుంది. ఇండోర్ యూనిట్‌కి అసలే వద్దు.

వానాకాలం మొదలయ్యాక చీమలు, బల్లులు వెచ్చదనానికి పీసీబీ పెట్టెలోకి చేరతాయి. బల్లి అడ్డం పడి బోర్డు షార్టయితే వారంటీ ఇవ్వరు. పైపులు గోడలోకి వెళ్లే రంధ్రాన్ని పుట్టీతో మూయించడం యాభై రూపాయల పని, బిగించిన రోజే అడగాలి. ఇక కాయ రాల్చే ఈదురుగాలుల రోజుల్లో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. పోయి వచ్చిన వెంటనే ఏసీ వేయకుండా నాలుగైదు నిమిషాలు ఆగండి. ఉరుములున్నప్పుడు మెయిన్ ఎంసీబీ దించేయండి. ఇన్వర్టర్ ఏసీలు “స్టెబిలైజర్ అవసరం లేదు” అని అమ్ముతారు. కొన్ని మోడళ్లు 145 నుంచి 290 వోల్టుల దాకా తట్టుకుంటాయి, నిజమే. కానీ తోటల వైపు ఇళ్లలో మోటార్లు వేసినప్పుడు లైట్లు మసకబారుతుంటే ఆ మాట నమ్మకుండా ముందు వోల్టేజీ చూపించుకోండి. రూ.2,500 స్టెబిలైజర్ రూ.10,000 బోర్డుని కాపాడుతుంది.

కరెంటు ఆఫీసు పని

ఇంట్లో ఏసీ బిగించుకోడానికీ, రిపేరు చేయించుకోడానికీ మున్సిపాలిటీ పర్మిషన్ ఏమీ అక్కర్లేదు. చూసుకోవాల్సింది కరెంటు లోడు. మీ కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు అని కిలోవాట్లలో ఉంటుంది. మన పాత ఇళ్లలో చాలావాటికి అది 1 కిలోవాటే. ఒకటిన్నర టన్ను ఏసీ ఒక్కటే కంప్రెసర్ నడిచేటప్పుడు ఒకటిన్నర కిలోవాటు పైన లాగుతుంది. ఫ్రిజ్, మోటారు, గీజరు దాని మీద అదనం. లోడు పెంచమని దరఖాస్తు చేసి డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ కట్టాలి. కట్టకపోతే తనిఖీలో బయటపడినప్పుడు నోటీసు వస్తుంది. అందరూ ఇలా దాచుకుంటే వీధి ట్రాన్స్‌ఫార్మర్ మే నెల రాత్రి కాలిపోయేది కూడా ఇందుకే. ఈ చార్జీల్లో అప్పుడప్పుడూ రాయితీ ఇస్తుంటారు, 2025లో సగం తగ్గించారు. మళ్లీ ఎప్పుడిస్తారని సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంటునో, 1912 నంబరులోనో అడగండి.

ఇంటి వైరింగ్ సంగతి వేరు. ఏసీకి మీటరు బోర్డు నుంచి విడిగా లైను, విడిగా ఎంసీబీ, 16 యాంపుల సాకెట్, పనిచేసే ఎర్త్ ఉండాలి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మిక్సీ తిరిగే సాకెట్‌కి ఏసీ తగిలించి, ప్లగ్గు నల్లబడిందని ఏసీ మెకానిక్‌ని పిలిచేవాళ్లున్నారు. అది ఏసీ తప్పు కాదు. వేడెక్కిన ప్లగ్గు ఇంటికి నిప్పు పెడుతుంది.

ఇప్పుడు నెల బిల్లు. 2022లో మార్చిన శ్లాబుల ప్రకారం ఇంటి కరెంటు మొదటి 30 యూనిట్లు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. ఏసీ లేని నెలలో 120 యూనిట్లు కాలే ఇంటికి ఎనర్జీ చార్జీ రూ.394.50. ఏసీ వేసి ఇంకో 200 యూనిట్లు కాలిస్తే 320 యూనిట్లకు రూ.1,848.25. అంటే ఏసీ కాల్చిన యూనిట్ సగటున రూ.7.27 పడింది. ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. ఇప్పుడు అదే ఏసీ మురికిపట్టి నెలకు 40 యూనిట్లు ఎక్కువ లాగిందనుకోండి. ఆ నలభై యూనిట్లూ పై శ్లాబులోనే పడతాయి: రూ.350. రెండు నెలల్లో వాటర్ సర్వీసు డబ్బు మీటరులోనే పోయినట్టు. 24 డిగ్రీల మీద పెట్టి ఫ్యాన్ తిప్పుకోవడం కూడా ఈ లెక్క కోసమే. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుందని స్టార్ లేబుల్ ఇచ్చే బీఈఈ చెబుతోంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలన్న నియమం కూడా ఉంది.

కంపెనీ మనిషా, మన మనిషా?

వారంటీ ఉన్నన్నాళ్లూ కంపెనీ మనిషే. బయటివాళ్లు విప్పితే వారంటీ పోతుంది. అయితే “కంప్రెసర్ మీద 10 ఏళ్ల వారంటీ” అన్న మాటని జాగ్రత్తగా చదవండి. చాలా కంపెనీల షరతుల్లో అది కంప్రెసర్ అనే వస్తువుకు మాత్రమే. గ్యాస్, కూలీ, రవాణా మన నెత్తినే.

మన ఇళ్లలో వారంటీ దగ్గర ఇంకో చిక్కు వస్తుంది. పెళ్లిలో అమ్మాయికిచ్చిన ఏసీ బిల్లు అబ్బా పేరు మీద గుంటూరులోనో, మచిలీపట్నంలోనో ఉంటుంది, ఏసీ నూజివీడులో ఉంటుంది. బోర్డు పోయిన రోజు బిల్లు కోసం రెండు ఇళ్లు వెతుకుతాయి. జహేజ్ మంచిచెడులు ఇక్కడ మాట్లాడట్లేదు గానీ, ఇచ్చినవాళ్లు ఆ బిల్లు ఫొటో, ఇండోర్, అవుట్‌డోర్ యూనిట్ల సీరియల్ నంబర్ల ఫొటో అమ్మాయి ఫోన్‌కి అదేరోజు పంపేయండి.

వారంటీ అయిపోయాక మంచి లోకల్ మెకానిక్ దొరికితే అతనే నయం, నా అభిప్రాయం అదే. కంపెనీ వాళ్లు విజయవాడ నుంచో, ఏలూరు నుంచో రావాలి. మే నెలలో రెండు రోజులంటే నాలుగు రోజులు. 2026లో బక్రీద్ మే నెలాఖరుకే వచ్చింది. చుట్టాలతో నిండిన ఇంట్లో ఏసీ ఆగితే నాలుగు రోజులు ఎవరు ఆగగలరు? బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఆ గదిలో ఉంటే ఎదురుచూడకుండా వాళ్లని కింది అంతస్తుకో, బంధువుల ఇంటికో మార్చండి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతూ మగత కమ్మినా 108కి ఫోన్ చేయండి.

మన దేశంలో ఏసీ మెకానిక్‌కి లైసెన్సు తప్పనిసరి కాదు. అమెరికాలో గ్యాస్ ముట్టుకోవాలంటే ప్రభుత్వం గుర్తించిన సర్టిఫికేట్ ఉండాలి, ఇక్కడ ఐటీఐలో రెఫ్రిజరేషన్ ట్రేడు చదివినా, గురువు దగ్గర నేర్చుకున్నా ఒకటే. కాబట్టి మనిషిని పనిముట్లతో కొలవాలి. వాక్యూమ్ పంపు, గేజీలు, క్లాంప్ మీటరు, కాటా ఉన్నాయా? సంచిలో సిలిండరు, స్పానరు మాత్రమే ఉంటే ఆలోచించండి.

ఇది డబ్బు మాట మాత్రమే కాదు. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 మండదు. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వస్తున్న ఆర్-32 కొద్దిగా మండుతుంది. కొన్ని మోడళ్లలో ఉండే ఆర్-290 అంటే ప్రొపేన్, వంట గ్యాస్‌లో ఉండే సరుకే. గ్యాస్ లోపల ఉండగా వెల్డింగ్ మంట పెట్టినా, విప్పేటప్పుడు కంప్రెసర్‌లోకి గాలి పోయినా పేలే ప్రమాదం ఉంది. మెకానిక్ ముందు ప్లేటు చదవాలి. ఒక గ్యాస్‌కి తయారైన ఏసీలో ఇంకోటి నింపనివ్వకండి. పని జరుగుతుంటే కిటికీలు తెరిచి, పిల్లల్ని వేరే గదిలో ఉంచండి.

నంబరు దగ్గర మోసం: గూగుల్‌లో “కస్టమర్ కేర్” అని వెతికితే పైన కనిపించే నంబర్లన్నీ కంపెనీవి కావు. ముందుగా పది రూపాయలు పంపమనో, ఏదో యాప్ వేసుకోమనో అంటే ఫోన్ పెట్టేయండి. ఏసీ మీదో, బిల్లు పుస్తకంలోనో ఉన్న నంబరుకే చేయండి. డబ్బు పోతే వెంటనే 1930.

బిల్లు

బీకాం చదివినందుకు ఇంట్లో నాకు పడే పని బిల్లులు చూడటం. ఏసీ సర్వీసు మీద జీఎస్టీ 18 శాతం. కానీ అది వసూలు చేయాలంటే జీఎస్టీ నంబరు ఉండాలి. సర్వీసులు చేసేవాళ్లకు ఏడాదికి రూ.20 లక్షల లోపు వ్యాపారమైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అలాంటి చిన్న మెకానిక్ జీఎస్టీ వేయకపోవడం తప్పు కాదు, వేస్తేనే తప్పు. కాంపోజిషన్ స్కీములో ఉన్న షాపు కూడా కస్టమర్ దగ్గర విడిగా పన్ను తీసుకోకూడదు. బిల్లు మీద 15 అంకెలు, అక్షరాల నంబరు ఉంటుంది, మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే షాపు పేరు వస్తుంది.

జీఎస్టీ బిల్లు లేకపోయినా చేతిరాత రసీదు తీసుకోండి. తేదీ, ఏం మార్చారు, ఎన్ని గ్రాముల గ్యాస్, ఎన్ని రోజుల గ్యారంటీ, ఫోన్ నంబరు, సంతకం. లీకు రిపేరుకి కనీసం మూడు నెలల గ్యారంటీ అడగడం న్యాయమే. ఫోన్‌పే చేస్తే నోట్‌లో “ఏసీ లీకు రిపేరు” అని రాయండి, అదీ సాక్ష్యమే. మసీదు కమిటీల వాళ్లకి ఇది ఇంకా అవసరం. చందా డబ్బుతో నాలుగు ఏసీలకు గ్యాస్ నింపించి రసీదు లేకపోతే జుమా రోజు జవాబు చెప్పేది కమిటీయే.

పని పాడుచేసి ఫోన్ ఎత్తకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో తెలుగులోనే చెప్పుకోవచ్చు. కంపెనీలు ఎక్కువసార్లు ఈ దశలోనే దిగివస్తాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు, రూ.5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి.

బాగుచేయించాలా, మార్చాలా?

ఎనిమిదేళ్లు దాటిన ఏసీకి రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో మూడో వంతు దాటితే నేను మార్చమనే అంటా. ఆర్-22 ఏసీలకు కంప్రెసర్ గానీ కాయిల్ గానీ పోతే ఆలోచించే పనే లేదు. ఓజోన్ పొరకు చేటని ఆ గ్యాస్‌ని ప్రపంచమంతా దశలవారీగా ఆపేస్తోంది, రాను రాను ఖరీదవుతుంది. కొత్త ఏసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా రూ.30,000 ఉండే ఏసీ అప్పుడు రూ.38,400 అయ్యేది, ఇప్పుడు రూ.35,400. కొనేటప్పుడు రాగి కాయిల్ ఉన్నదే అడగండి. అల్యూమినియం కాయిల్‌కి చిల్లు పడితే మన దగ్గర అతికేవాళ్లు తక్కువ, మొత్తం మార్చాల్సి వస్తుంది.

“నో కాస్ట్ ఈఎంఐ” గురించి ఒక మాట. వడ్డీ లేదని నమ్మి తీసుకుంటున్నాం. కార్డు స్టేట్‌మెంట్ తెరిస్తే వడ్డీ అని, దాని మీద జీఎస్టీ అని విడిగా వరుసలు కనిపిస్తాయి. ఆ వడ్డీ మొత్తాన్ని ముందే ధరలో డిస్కౌంటుగా సర్దుతారు, అంతే. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. ఇది మనకు చెల్లుతుందా లేదా అన్నది మీకు నమ్మకమున్న ఆలిమ్‌ని అడగండి, కానీ స్టేట్‌మెంట్ చూపించి అడగండి. కాయ అమ్మిన డబ్బు జూన్‌లో చేతికొచ్చే ఇళ్లకు ఇంకో దారి ఉంది: సీజన్ దాటాక, జులై, ఆగస్టుల్లో నగదుతో కొంటే బేరం ఆడొచ్చు, బిగించేవాడు కూడా తీరిగ్గా వాక్యూమ్ చేస్తాడు.

పాత ఏసీని పాత ఇనుము బండికి అమ్మితే రాగి కోసం పైపు కోసేస్తారు, గ్యాస్ గాల్లోకి పోతుంది. ఈ-వేస్ట్ నిబంధనల కిందకు ఏసీలు వస్తాయి, వాటి బాధ్యత కంపెనీల మీద ఉంటుంది. అందుకని షాపులో ఎక్స్‌చేంజ్ అడగండి, కానీ తూకంతో రాగి ధర ఎంతొస్తుందో ముందు తెలుసుకుని బేరానికి కూర్చోండి. స్టెబిలైజర్, గోడ స్టాండు మాత్రం దాంతోపాటు ఇచ్చేయకండి. కొత్త యూనిట్ సైజుకు సరిపోతే రెండూ పనికొస్తాయి.